వెనక సీటు ఫిర్యాదు: టూరింగ్ బండికి ఇంట్లోనే షాకప్‌లు మార్చిన ఒక కేస్

"అన్నయ్యా, స్పీడ్ బ్రేకర్ వస్తే ఈయనకు ఒక్క దెబ్బ, నాకు మూడు."

మా బామ్మర్ది భార్య బోనాలకు ఇంటికి వచ్చినప్పుడు అన్న మాట ఇది. బండి దిగుతూనే నడుం పట్టుకుని సోఫాలో కూలబడింది. మావాడు హెల్మెట్ తీస్తూ, "బండికి ఏం కాలే బావా, రోడ్లే అట్లున్నయి" అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేలడానికి మూడు వారాలు పట్టింది. అందులో షాకప్‌లు విప్పి కొత్తవి వేసిన పని ఒక ఆదివారం పొద్దుటితో అయిపోయింది. మిగతా రోజులన్నీ కొలవడానికీ, మళ్లీ కొలవడానికీ, చివర్లో నేను చేసిన తప్పును నేనే వెతుక్కోవడానికీ సరిపోయాయి.

నాకు బాలానగర్‌లో చిన్న లేత్ షాపు ఉంది. పదిహేడేళ్లుగా బుష్‌లు, స్పేసర్లు, పిన్నులు తిప్పుతున్నాను. మెకానిక్‌లు పనులు తెస్తారు, వాళ్ల దగ్గర నేనూ పని నేర్చుకున్నాను. ఆదివారాలు నేరేడ్‌మెట్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చుట్టాల బండ్లు, స్నేహితుల బండ్లు చూస్తుంటాను. డబ్బు తీసుకోను కాబట్టి తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. ఈ కేసులో అదే పనికొచ్చింది.

బండి 350 సీసీ క్రూయిజర్. వెనక రెండు వైపులా రెండు షాకప్‌లు. 48 వేల కిలోమీటర్లు తిరిగింది, షాకప్‌లు కంపెనీ నుంచి వచ్చినవే. ఆ కిలోమీటర్లకు అవి అరగడం మామూలే, కంపెనీని తప్పుపట్టడానికేం లేదు. ఇద్దరూ నెలకోసారైనా ఎటో ఒక వైపు పోతారు: అనంతగిరి, నాగార్జునసాగర్, బీదర్. రెండు వైపులా బ్యాగులు వేలాడదీసే ఇనప స్టే ఉంది. మావాడు 78 కిలోలు, ఆమె 62.

నా దగ్గరికి వచ్చేలోపే బండికి ఒక వైద్యం జరిగింది. కాలనీ దగ్గర ఒక మెకానిక్ షాకప్ కింద ఉన్న గాళ్ల రింగును చివరి గాడికి తిప్పి, "గట్టి చేసిన, ఇంక తగలదు" అని పంపాడట. తర్వాత ఆమెకు దెబ్బలు ఇంకా పెరిగాయి. మావాడు ఇది ఆమె మీద సాక్ష్యంగా చెప్పాడు, "గట్టి చేయించినా నొప్పే అంటది" అని. నాకు మాత్రం అసలు అనుమానం అక్కడే మొదలైంది.

షాకప్‌లో రెండు వేర్వేరు వస్తువులుంటాయి. బయట కనిపించే స్ప్రింగ్ బరువు మోస్తుంది. లోపల నూనెలో తిరిగే రాడ్, పిస్టన్ ఆ స్ప్రింగ్ ఊపును ఆపుతాయి. మన ఆఫీసు తలుపుల పైన ఉండే డోర్ క్లోజర్ చూశారు కదా, అదే పద్ధతి. తలుపును మూసేది స్ప్రింగ్, మెల్లగా మూసుకునేలా చూసేది నూనె. నూనె కారిపోతే తలుపు ధడేల్‌మని కొట్టుకుంటుంది. అప్పుడు ఆ స్ప్రింగ్‌ను ఇంకా బిగిస్తే ఏమవుతుంది? తలుపు ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. మెకానిక్ చేసింది అదే. రింగు తిప్పితే స్ప్రింగ్ గట్టిపడదు కూడా, ముందే కొంత నొక్కుకుని కూర్చుంటుంది, అంతే. వెనక భాగం పైకి లేస్తుంది, గుంటలో నొక్కుకున్న స్ప్రింగ్ మరింత జోరుగా వెనక్కి తన్నుతుంది. ఆ తన్నును ఆపాల్సిన నూనె లేకపోతే అదంతా పోయేది వెనక సీటుకే. బండి నడిపేవాడు రెండు చక్రాల నడుమ కూర్చుంటాడు. వెనక మనిషి దాదాపు వెనక ఇరుసు మీదే కూర్చుంటుంది. అతనికి ఒకటి, ఆమెకు మూడు అన్న లెక్క నాకు అబద్ధంగా అనిపించలేదు.

అనిపించడం వేరు, తేల్చడం వేరు. వెనక ఊపుకు స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) బుష్ అరిగినా కారణమే, చక్రం బేరింగ్ పోయినా కారణమే, టైర్‌లో గాలి తక్కువున్నా కారణమే. ముందు అవి చూశాను. డబుల్ స్టాండ్ వేసి, చక్రం పైనా కిందా పట్టి ఊపితే కదలిక లేదు. స్వింగ్ ఆర్మ్‌ను పక్కలకు లాగినా లేదు. గాలి సరిగ్గానే ఉంది. టైర్ మీద అరచేయి పెట్టి చుట్టూ రాస్తే ఒక వైపు నున్నగా, తిరగవేసి రాస్తే రంపం పళ్లలా తగిలింది. చక్రం రోడ్డును వదిలి వదిలి పట్టుకుంటే టైర్ అలా గుంటలు గుంటలుగా అరుగుతుంది.

ఎడమ షాకప్ కింది కప్పు దగ్గర నల్లటి జిగురు పట్టి ఉంది. దాన్ని గుడ్డతో తుడిచి, మావాడిని కాలనీలో రెండు రౌండ్లు తిప్పి రమ్మన్నాను. తిరిగొచ్చేసరికి రాడ్ మీద మళ్లీ పల్చటి తడి. టార్చ్ వేసి చూస్తే రాడ్ క్రోమ్ మీద ఆవగింజంత తుప్పు గుంటలు మూడు. వానకాలంలో బురద, ఎండాకాలంలో కట్టడాల దుమ్ము, పైగా వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్‌ను నేరుగా సీల్ మీదికి కొట్టడం. ఆ గుంట పైకీ కిందికీ వెళ్లినప్పుడల్లా రబ్బరు సీల్‌ను గీసేస్తుంది. ఆ దారిన నూనె బయటికి, గాలి లోపలికి.

రైడ్ నుంచి రాగానే రెండు షాకప్‌లనూ చేత్తో తాకి చూడమని పాతవాళ్లు చెబుతారు. నూనె ఊపును ఆపిందంటే ఆ శక్తి వేడిగా మారాలి, వేడెక్కని షాకప్ పని చేయనట్టే. మాట నిజమే. తాకితే ఎడమది చల్లగా, కుడిది గోరువెచ్చగా ఉంది. కానీ కుడి వైపే సైలెన్సర్ ఉంది. ఆ వెచ్చదనం నూనెదో సైలెన్సర్‌దో నాకు తెలియదు కాబట్టి దీన్ని లెక్కలోకి తీసుకోలేదు.

తర్వాత టేపు తీశాను. ఈ కేసులో అసలు సంగతి బయటపెట్టింది ఇదే.

వెనక ఇరుసు నట్టు మధ్య నుంచి నిటారుగా పైకి మడ్‌గార్డ్ మీద ఒక టేపు ముక్క అంటించి గీత పెట్టాను. మొదట డబుల్ స్టాండ్ మీద, చక్రం గాల్లో ఉండగా కొలిచాను: 508 మిల్లీమీటర్లు. తర్వాత బండిని చక్రాల మీద నిలబెట్టి దాని బరువుకే ఎంత దిగిందో చూశాను: 498. మావాడిని జాకెట్, హెల్మెట్‌తో ఎక్కించి, కాళ్లు ఫుట్‌రెస్ట్‌ల మీద పెట్టించి, మా అబ్బాయి హ్యాండిల్ పట్టుకుంటే కొలిచాను: 478. ప్రతి కొలతా రెండుసార్లు తీయాలి. ఒకసారి వెనక నొక్కి మెల్లగా లేవనిచ్చి, ఇంకోసారి పైకి ఎత్తి మెల్లగా దిగనిచ్చి. సీల్ రాపిడి వల్ల రెండూ ఒకటి కావు, సగటు తీసుకుంటాం.

అంటే మావాడు ఒక్కడే కూర్చుంటే 30 మిల్లీమీటర్లు దిగింది. ఈ బండి వెనక చక్రం పూర్తి కదలిక దాదాపు 90. మూడో వంతు దిగితే సరిగ్గా ఉన్నట్టని అందరూ వాడే లెక్క. 90లో 30. పుస్తకంలో బొమ్మ గీసినట్టు సరిపోయింది! మావాడు నా వైపు చూసి నవ్వాడు. కాలనీ మెకానిక్ కూడా ఒక్కడినే కూర్చోబెట్టి చూసి ఉంటాడు. తప్పు అతనిది కాదు, అలా చూస్తే బండి బాగానే ఉంది మరి.

అప్పుడు ఆమెను ఎక్కమన్నాను. బ్యాగుల్లో బట్టలకు బదులు వంటింట్లోంచి బియ్యం, కందిపప్పు ప్యాకెట్లు తెచ్చి పక్కకు 9 కిలోల చొప్పున నింపాను. కొలత: 446. మొత్తం 62 మిల్లీమీటర్లు దిగిపోయింది. ఇంకా మిగిలింది 28. అదీ రింగు చివరి గాడిలో ఉండగా. ఇంక తిప్పడానికి గాడి లేదు. మోస్తరు స్పీడ్ బ్రేకర్ వచ్చినా ఆ 28 అయిపోయి లోపలి రబ్బరు ముద్దకు కొట్టుకుంటుంది, అక్కడి నుంచి ఆపే నూనె లేని స్ప్రింగ్ పైకి తన్నుతుంది, మళ్లీ పడుతుంది. ఒకటి, రెండు, మూడు. ఆమె లెక్క కూడా తప్పలేదు.

ఆ అంకెలు మా అమ్మాయి లెక్కల నోట్‌బుక్ వెనక పేజీలో రాసి మావాడికి చూపించాను. ఏమీ అనలేదు. "ఎంతయితది బావా?" అన్నాడు. ఒప్పుకున్నట్టే.

పాతవాటినే విప్పించి నూనె పోయిస్తే చాలదా అని అడిగాడు. ముందు చక్రం ఫోర్క్‌లైతే నేనే సీల్స్ మార్చి నూనె పోస్తాను, అవి విప్పడానికే తయారుచేసినవి. ఈ వెనకవి బాడీ చుట్టూ నొక్కి మూసేసిన రకం. కోసి, నూనె పోసి, వెల్డింగ్ చేసి ఇచ్చేవాళ్లున్నారు. సరుకు మోసే బండికి నడుస్తుందేమో. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని ఘాట్ దిగే బండికి నేను ఒప్పుకోను. కారేది ఎడమదే కదా, ఒక్కటే మారిస్తే పోలా అన్నది రెండో ప్రశ్న. ఒక పక్క ఊపును పట్టుకుని, ఇంకో పక్క వదిలేస్తే స్వింగ్ ఆర్మ్ మెలిపడుతుంది. జత మార్చాల్సిందే.

కొత్త జతకు ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఒంటరి బరువు కాదు, ఇద్దరి బరువూ బ్యాగుల బరువూ చెప్పి దానికి తగ్గ స్ప్రింగ్ అడిగాం. స్ప్రింగ్‌ను మర రింగుతో బిగించే రకం, ఊపును ఆపే బలాన్ని ఎక్కువ తక్కువ చేసుకునే నాబ్ ఉన్నది తీసుకున్నాం. గ్యాస్ డబ్బా విడిగా తగిలించి ఉండే ఖరీదైన రకం మీద మావాడి మనసు పోయింది. గ్యాస్ బరువు మోయడానికి కాదు, నూనె నురగ పట్టకుండా చూడడానికే. మనం గుట్టల్లో రేసులు పెట్టడం లేదు, వద్దన్నాను. మిగిలిన డబ్బుతో రాణీగంజ్ వెళ్లి ఒక మంచి టార్క్ రెంచి (పెట్టిన బిగువు రాగానే క్లిక్‌మనే రెంచి) కొనిపించాను. అది నా దగ్గరే ఉంది, వాడికి గుర్తు చేయకండి.

షాకప్‌లు రాగానే వెర్నియర్‌తో కూర్చున్నాను. షాకప్ రెండు చివర్లా బోల్టు దూరే గుండ్రటి కన్ను ఉంటుంది. పై కన్ను నుంచి కింది కన్ను దాకా పాతది 320 మిల్లీమీటర్లు, కొత్తది 325. కన్ను లోపలి రంధ్రం పాత స్టడ్‌కు (ఫ్రేమ్ నుంచి బయటికి పొడుచుకొచ్చిన మర కడ్డీకి) సరిగ్గా పట్టింది. కొత్తది 5 మిల్లీమీటర్లు పొడవంటే చక్రం దగ్గర 6 దాకా తేడా వస్తుంది, ఎందుకంటే షాకప్ ఇరుసుకు కాస్త ముందు, వాలుగా ఉంటుంది. అంతవరకు నడుస్తుందనుకున్నాను. ఇంకో కొలత తీయాల్సింది, తీయలేదు. దాని సంగతి తర్వాత.

డబ్బాలో అడ్డంగా పడుకుని వచ్చిన షాకప్‌ను తీసి నేరుగా బిగించకూడదు. ఈ రకంలో నూనె, గాలి పక్కపక్కనే ఉంటాయి. పడుకోబెడితే గాలి ఉండకూడని గదిలోకి చేరుతుంది. నిటారుగా నిలబెట్టి, చెక్క ముక్క మీద పెట్టి, ఒంటి బరువంతా వేసి పది పన్నెండుసార్లు నొక్కి వదిలాను. మొదటి మూడు నాలుగుసార్లు లోపల గుడగుడమంది. తర్వాత శబ్దం ఆగి, నిదానంగా లేవడం మొదలైంది.

విప్పే పని శనివారం రాత్రే మొదలుపెట్టాను, అంటే కింది బోల్టులకు తుప్పు వదిలే స్ప్రే కొట్టి పడుకున్నాను. ఆదివారం పొద్దున ఏడింటికి డబుల్ స్టాండ్ వేసి, ముందు చక్రానికి రెండు వైపులా ఇటుకలు అడ్డం పెట్టి, వెనక టైర్ కింద చెక్క పలకలు దోపి, చక్రం బరువు పలక మీద ఆనీ ఆననట్టు పెట్టాను. ఇది ముఖ్యం. చక్రం వేలాడుతుంటే బోల్టు మీద బరువు పడి రాదు, బలవంతంగా కొడితే మర పోతుంది. స్టే తీసేముందు ప్రతి నట్టుకూ ఫోన్‌తో ఫోటో తీశాను. ఏ వాషర్ లోపల, ఏది బయట అన్నది రెండు గంటల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఒక పక్క తీసి, అది వేశాకే రెండో పక్క ముట్టుకోవాలి. రెండూ ఒకేసారి తీస్తే స్వింగ్ ఆర్మ్ కిందికి జారి బ్రేక్ పైపు లాగుతుంది. ఎడమది కింద బోల్టు సులభంగానే వచ్చింది, పైన కన్ను మాత్రం స్టడ్‌కు తుప్పుతో అతుక్కుపోయింది. సుత్తి వేయలేదు. షాకప్‌నే పట్టుకుని గడియారం ముల్లులా అటూ ఇటూ తిప్పుతూ, స్ప్రే కొడుతూ, పది నిమిషాలకు లాగాను. స్టడ్‌ను ఎమెరీ పేపర్‌తో రుద్ది, పల్చగా గ్రీజు పూసి కొత్తది ఎక్కించాను. కొత్తది పొడవు కదా, కింది రంధ్రం కలవలేదు. టైర్ కింది పలక ఒకటి తీసేసి చక్రాన్ని కొంచెం దించుదామంటే, కుడి వైపు పాత షాకప్ దిగనివ్వలేదు. దాని కింది బోల్టు కూడా తీసి, పలకలు మార్చి, ఎడమది కలిపాను. పొడవు మారితే "ఒక్కో పక్క" అన్న నియమం ఈ ఒక్క చోట సడలించక తప్పదు. అప్పుడు కూడా చక్రం కింద పలక ఉండాల్సిందే.

నట్లన్నీ చేత్తో పట్టించి వదిలాను. పూర్తిగా బిగించింది బండిని స్టాండ్ దించి చక్రాల మీద నిలబెట్టాకే. కంటి లోపల రబ్బరు ఉంటుంది. గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి దిగినప్పుడల్లా ఆ రబ్బరు మెలిపడే ఉంటుంది, తొందరగా పగులుతుంది. టార్క్ రెంచిని మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకు పెట్టి, నాలుగు చోట్లా క్లిక్‌మనేదాకా బిగించాను. పదకొండు కాకముందే చేతులు కడుక్కున్నాను.

అదే రోజు సాయంత్రం నేనొక్కడినే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట చెరువు దాకా వెళ్లొచ్చాను. వెన్నలా పోయింది. శబ్దం లేదు, ఊపు లేదు. మరుసటి ఆదివారం వాళ్లిద్దరూ బియ్యం బ్యాగులతో అదే దారిలో వెళ్లారు. గంటకే ఫోన్. "బావా, కుడి పక్క టక్ టక్ అంటుంది. గుంటల్లోనే." నిన్నటిదాకా లేని టెన్షన్ మొదలైంది.

సెల్లార్‌లో నట్టు మీద మళ్లీ రెంచి వేశాను. క్లిక్. బిగువుగానే ఉంది. కింద, క్లిక్. బ్రేక్ పైపు, చైన్ గార్డ్, నంబర్ ప్లేట్ అన్నీ ఊపి చూశాను. ఖాళీ బండిని ఎంత ఊపినా శబ్దం రాలేదు. బ్యాగులు వేలాడదీసి, మావాడిని ఎక్కి ఊగమంటే వచ్చింది. టార్చ్ పట్టుకుని కుడి పై నట్టు పక్కన ముఖం పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఊగినప్పుడల్లా బ్యాగు స్టే రేకు వెంట్రుక వాసి జరుగుతోంది. నట్టు వెనకున్న వాషర్‌ను వేలి గోటితో తిప్పాను. తిరిగింది. బొంగరంలా తిరిగింది! రెంచికి క్లిక్‌మనే నట్టు కింద వాషర్ వదులుగా ఉంది.

కారణం ఆ నట్టు ఆకారంలో ఉంది. పై స్టడ్‌కు ఉండేది మామూలు నట్టు కాదు, అందం కోసం గుండు మూత ఉన్న డోమ్ నట్టు. లోపల మర ఒక లోతు దాకే. స్టడ్ కొస ఆ గుండు అడుగుకు తగిలితే నట్టు అక్కడితో ఆగిపోతుంది. రెంచి వేసిన బలమంతా స్టడ్ కొస మీద పడి క్లిక్ వస్తుంది. వాషర్, స్టే, షాకప్ కన్ను మాత్రం నొక్కుకోవు. పాత షాకప్ తెచ్చి కంటి వెడల్పు కొలిచాను: 30 మిల్లీమీటర్లు. కొత్తది 27.6. ఆ 2.4 తేడాకు నట్టు లోపలికి ఎక్కువ వెళ్లి అడుగు తన్నింది. తొలి రోజు నేను తీయని కొలత ఇదే. పొడవు కొలిచాను, రంధ్రం కొలిచాను, వెడల్పు వదిలేశాను. పదిహేడేళ్లు వెర్నియర్ పట్టిన చెయ్యి! షాపులో కుర్రాడు ఇలా చేసుంటే సాయంత్రం దాకా తిట్టేవాడిని.

ఎడమ వైపు ఎందుకు శబ్దం రాలేదంటే, అక్కడ ఎప్పుడో ఎవరో ఒక వాషర్ ఎక్కువ వేసి ఉన్నారు. నేను ఫోటో చూసి నమ్మకంగా అదే వరసలో బిగించాను. ఆ పుణ్యాత్ముడెవరో ఒక పక్క కాపాడాడు.

2.4 మందం ఉన్న వాషర్ ఒకటి వేసేస్తే సరిపోతుంది కదా అనుకోవచ్చు. బయటి పక్క ఒకటే వేస్తే షాకప్ పై కన్ను తన పాత లైను నుంచి 1.2 లోపలే ఉండిపోతుంది, కింది కన్నుతో నిటారుగా ఉండదు. అందుకే సోమవారం షాపులో ఈఎన్8 ఉక్కు రాడ్ నుంచి 1.2 మిల్లీమీటర్ల వాషర్లు నాలుగు కోసి, ముఖాలు సమంగా ఉండేలా సర్ఫేస్ గ్రైండింగ్ చేయించి, కంటికి లోపల ఒకటి, బయట ఒకటి వేశాను. ఎడమ వైపు ఆ అదనపు వాషర్ తీసేసి అక్కడా ఇవే.

ఈసారి రెంచిని నమ్మలేదు. మా ఆవిడ చపాతీ పిండి కలుపుతుంటే శనగగింజంత ముద్ద తీసుకొచ్చి, డోమ్ నట్టు అడుగున పెట్టి బిగించాను. విప్పి చూస్తే ముద్ద నొక్కుకుని చిన్న బిళ్లలా వచ్చింది. మందం 1.8. అంటే స్టడ్ కొసకూ గుండు అడుగుకూ ఇంకా అంత ఖాళీ ఉంది, నట్టు నిజంగా వాషర్‌నే నొక్కుతోంది. పిండి తుడిచేసి చివరిసారి బిగించాను. వాషర్‌ను గోటితో కాదు కదా, కటింగ్ ప్లయర్‌తో పట్టినా కదల్లేదు.

పాత ఎడమ షాకప్‌ను ఆ వారమే షాపులో విప్పి చూశాను. స్ప్రింగ్ తీయడానికి నా దగ్గర బిగించి పట్టే ఫిక్చర్ ఉంది. అది లేకుండా ఇంట్లో ఎవరూ ఆ పని చేయకండి, నొక్కి పెట్టిన స్ప్రింగ్ వదిలితే దవడ పగులుతుంది. స్ప్రింగ్ తీసేశాక రాడ్‌ను చేత్తో లోపలికి తోశాను. మొదటి 25 మిల్లీమీటర్లు ఖాళీ సిరంజిలోకి పోయినట్టు పోయింది, ఆ తర్వాత బురదలో కర్ర దించినట్టు కాస్త పట్టు దొరికింది. బయటికి లాగితే చిల్లు పడ్డ సైకిల్ పంపులా 'పస్స్'. కుడి దానిలో ఆ ఖాళీ వేలి మందం కూడా లేదు. మావాడి చేతికిచ్చి రెండూ తోయమన్నాను. నోట్‌బుక్‌లోని అంకెల కంటే అది వాడికి బాగా ఎక్కింది.

కొత్తవాటితో కొలతలు ఇలా వచ్చాయి. చక్రం గాల్లో 514. ఖాళీ బండి 502. మావాడు ఒక్కడే ఎక్కితే 486, అంటే 28 దిగింది. ఇద్దరూ, బియ్యం బ్యాగులూ ఎక్కితే 460, అంటే 54. కొత్త వాటితో పూర్తి కదలిక 95 దాకా ఉంది. 54 నాకు ఎక్కువే అనిపించి, స్ప్రింగ్ రింగును ఆరు చుట్లు బిగించాను. మర పిచ్, అంటే ఒక చుట్టుకు రింగు జరిగే దూరం, ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఆరు చుట్లకు షాకప్ దగ్గర 9 మిల్లీమీటర్లు, చక్రం దగ్గర 10. డబుల్స్‌కు దిగుడు 44కి వచ్చింది. మూడో వంతు లెక్కకు ఇది ఇంకా దూరమే. ఇంకా బిగిస్తే మావాడు ఒక్కడే వెళ్లేటప్పుడు వెనక భాగం గుర్రంలా లేచి కూర్చుంటుంది, ఖాళీ బండి తన బరువుకు అసలు దిగదు. 95లో 44 పోగా 51 మిగులుతోంది. ఇంతకుముందు మిగిలింది 28. నాకు చాలు.

ఊపును ఆపే నాబ్ విషయంలో మాత్రం ఒక వారం తిప్పలు పడ్డాం. మొదట ఎక్కువ మూసి పెట్టాను, స్పీడ్ బ్రేకర్ తర్వాత ఒక్కసారి లేచి కుదురుగా నిలబడింది, బ్రహ్మాండం. కానీ టోల్ గేట్ ముందు వరసగా వచ్చే రంబుల్ స్ట్రిప్స్ మీద ఆమెకు మళ్లీ దెబ్బలే. ఒక గట్టుకు దిగిన వెనక భాగం పూర్తిగా లేవకముందే రెండోది వస్తుంది, ఇంకా దిగుతుంది, మూడోదానికి ఇంక దిగడానికి చోటుండదు. దాన్ని చాలామంది "స్ప్రింగ్ గట్టిగా ఉంది" అనుకుని స్ప్రింగ్ వదులు చేస్తారు, అప్పుడు ఇంకా పాడవుతుంది. నాబ్‌ను మూడు క్లిక్‌లు తెరిస్తే తీరిపోయింది. ఒక్కో క్లిక్‌కు ఒక్కో రౌండ్, ప్రతిసారీ వెనక కూర్చుని తీర్పు చెప్పింది ఆమే. మావాడి అభిప్రాయం అడగలేదు.

పొడవు పెరగడం వల్ల వచ్చిన చిల్లర పనులు మూడు. చైన్ వదులు మారింది, బిగువుగా ఉన్న చోట పెట్టి మళ్లీ సరిచూశాను. వెనక లేచింది కాబట్టి హెడ్‌లైట్ వెలుగు దగ్గరే పడుతోంది, స్క్రూ తిప్పి లేపాను. సైడ్ స్టాండ్ మీద బండి కాస్త ఎక్కువ వాలుతోంది, స్టాండ్ పాదానికి ఒక ఇనప బిళ్ల వెల్డ్ చేయించాను.

దసరాకు శ్రీశైలం వెళ్లారు. మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరింటికి తెరుస్తారు కాబట్టి, చీకటితో బయలుదేరి గేటు తెరిచాక అడవిలోకి దిగారు. ఘాట్ మలుపుల్లో వెనక భాగం తేలిపోవడం లేదని మావాడు మెసేజ్ పెట్టాడు. ఆమె పాతాళగంగ దగ్గర మెట్ల మీద దిగిన ఫోటో పెట్టింది. నడుం గురించి ఒక్క మాట లేదు. తిరిగొచ్చాక నట్లు చూశాను, వాషర్లు కదల్లేదు, రాడ్లు పొడిగా ఉన్నాయి. టైర్ గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి, 60 మీద గుయ్యిమని పాడుతుంది. ఒకసారి అలా అరిగిన టైర్‌ను షాకప్ బాగుచేయలేదు. సంక్రాంతికి మార్చుకుంటానన్నాడు.

స్ప్రింగ్ రింగు పక్కన మర మీద రెండు గీతలు పెట్టి ఇచ్చాను. ఒక్కడే వెళ్తే తెల్ల గీత, ఇద్దరు వెళ్తే ఎర్ర గీత. మొన్న మంగళవారం ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు.

"బావా, వెనక గట్టిగ కొడుతుంది. షాకప్ మళ్ల పోయిందా?"

"రింగు ఎక్కడుంది?"

"ఎర్ర గీత మీద. శ్రీశైలం నుంచి వచ్చినంక ముట్టుకోలే."

"ఆరు చుట్లు దించు" అని పెట్టేశాను.